బడిలో మత సామరస్యం, సంస్కృతుల పరిచయం: బెంగళూరులో ఏ గ్రాంటు ఎవరికి నప్పుతుంది?

బెంగళూరు తూర్పు వైపు, కేఆర్ పురం నుంచి సర్జాపుర రోడ్డు దాకా, ప్రభుత్వ బడుల్లో ఒకే తరగతిలో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. కర్నూలు, పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చినవాళ్ల పిల్లలు, ఉత్తర కర్ణాటక పిల్లలు, బీహార్, ఒడిశా పిల్లలు. ప్రైవేటు బడుల్లో ఫీజు పెరుగుతుంది గానీ ఈ కలగలుపు మాత్రం అలాగే ఉంటుంది. కూర్చోవడం కలిసే కూర్చుంటారు. కానీ పక్కవాడి ఇంట్లో పండగ ఎలా జరుగుతుందో తెలియదు, ఇంటర్వెల్ కొట్టగానే ఏ భాష పిల్లలు ఆ గుంపులోకి వెళ్లిపోతారు. ఈలోపు పెద్దవాళ్ల ఫోన్లలో తిరిగే విషపు మాటలు ఆరో తరగతి పిల్లల నోట వినిపిస్తున్నాయి.

దీని గురించి ఏదైనా చేయాలనుకునే టీచర్లు, చిన్న ట్రస్టుల వాళ్లు, తెలుగు సంఘాల వాళ్లు ఇక్కడ తక్కువేం లేరు. బడుల ప్రపోజల్స్ రాయడంలో సాయపడుతుంటాను కాబట్టి నా దగ్గరికి వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎవరు ఎక్కువ ఇస్తారు? నా దృష్టిలో అది చివర అడగాల్సిన ప్రశ్న. ఆ డబ్బు ఎవరి పేరున రావచ్చు, దానితో పిల్లలు ఏడాది పొడుగునా కలిసి పని చేస్తారా, లేక ఒక్క రోజు వేషాలు వేసుకుని ఫొటో దిగి ఇంటికి వెళ్తారా అన్నవి ముందు తేలాలి. ఈ రెండూ తేలితే మీకు సరిపోయే దారులు రెండో మూడో మిగులుతాయి. ఎంచుకోవడం అప్పుడు అంత కష్టం కాదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

డబ్బు తీసుకునే అర్హత ఎవరికి ఉంది?

ప్రభుత్వ బడి టీచరు, రిజిస్టరైన ట్రస్టు, ప్రైవేటు బడిని నడిపే సొసైటీ, రిజిస్టర్ కాని స్నేహితుల బృందం: ఈ నలుగురికీ దారులు వేరు. నేను చూసినంతలో, ఆలోచన బాగోలేదని తిరిగొచ్చిన ప్రపోజల్స్ కంటే పంపినవాళ్లకి అర్హత లేక ఆగిపోయినవే ఎక్కువ. ట్రస్టు అయితే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయా, పెట్టి మూడేళ్లు అయిందా, ఆడిట్ లెక్కలు సిద్ధంగా ఉన్నాయా అని చూసుకోండి. ప్రభుత్వ బడి అయితే హెడ్‌మాస్టరు, ఎస్‌డీఎంసీ (తల్లిదండ్రులుండే బడి కమిటీ), బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ముగ్గురూ ఒప్పుకుంటారా అన్నది ముఖ్యం. నోటిమాట చాలదు, లిఖితంగా కావాలి.

చట్టం ఎక్కడ గీత గీసింది?

చాలామంది ఇక్కడే తడబడతారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన చేయకూడదు. ఎయిడెడ్ బడి అయినా, గుర్తింపు పొందిన ప్రైవేటు బడి అయినా, మతబోధనకో ప్రార్థనకో ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మైనరు పిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఇది చదివి, "అయితే బడిలో మతం ఊసే ఎత్తకూడదన్నమాట" అని వెనక్కి తగ్గినవాళ్లను చూశాను. అలా కాదు. అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది: ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చదువుకోవడం వేరు. రెండోదానికి రాజ్యాంగం అడ్డు కాదు.

కాబట్టి "పిల్లలకు సర్వమత ప్రార్థనలు నేర్పిస్తాం" అని ప్రపోజల్‌లో రాస్తే ప్రభుత్వ బడిలో చిక్కు వస్తుంది. "మా పేటలోని గుడి, మసీదు, చర్చి, గురుద్వారాలకు పిల్లలు వెళ్లి అక్కడివాళ్లను ప్రశ్నలు అడిగి, విన్నది రాసుకుని తరగతిలో చెప్తారు" అని రాస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. మాటలు మార్చి రాస్తే సరిపోతుందని మాత్రం అనుకోకండి. జరిగే పని కూడా అచ్చంగా అదే అయి ఉండాలి. ఇంకొక ఆసరా కూడా ఉంది. మతం, భాష, ప్రాంతం తేడాలకు అతీతంగా సోదరభావం పెంచడం, మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని గౌరవించడం 51ఏ అధికరణలో ప్రాథమిక విధులుగా ఉన్నాయి. బీఈఓకి రాసే ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే పెట్టండి.

పిల్లలు నిజంగా కలిసి పని చేస్తారా?

వేర్వేరు వర్గాలవాళ్లు ఒకచోట ఉన్నంత మాత్రాన అపోహలు పోవని అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు. నాలుగు ఉండాలన్నాడు: ఇద్దరికీ సమాన హోదా, ఇద్దరికీ కావాల్సిన ఒకే లక్ష్యం, దాని కోసం ఒకరికొకరు సాయపడటం, పైవాళ్ల మద్దతు. మన బడుల్లో జరిగే "భిన్నత్వంలో ఏకత్వం" ఫ్యాన్సీ డ్రెస్‌ను ఈ నాలుగింటితో కొలిచి చూడండి. పైవాళ్ల మద్దతు ఒక్కటే ఉంటుంది, మిగతా మూడూ ఉండవు.

పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల, మెక్సికన్ మూలాలున్న పిల్లలు ఒకే బడికి రావడం మొదలై గొడవలు జరుగుతుంటే, మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ బృందం జిగ్సా తరగతి అనే పద్ధతి పెట్టింది. పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక ముక్క ఇస్తారు. మిగతా ముక్కలు తెలియాలంటే పక్కవాళ్లు చెప్పింది వినక తప్పదు. గ్రాంటు వచ్చేదాకా ఆగకుండా దీన్ని రేపే మొదలుపెట్టొచ్చు. మీ ప్రపోజల్‌లో "ఇప్పటికే ఏం చేస్తున్నారు?" అన్న గడిలో రాయడానికి మంచి జవాబు కూడా అవుతుంది.

లెక్కల భారం, తేదీలు కూడా చూసుకోవాలి. వాటిని ఒక్కో దారి దగ్గర చెప్తాను.

## ఒక్క చూపులో

| దారి | ఎవరు తీసుకోవచ్చు | చేతికి వచ్చేది | శ్రమ | ఏడాది పొడుగు పనికి పనికొస్తుందా |
|---|---|---|---|---|
| సమగ్ర శిక్ష క్లబ్ నిధులు | ప్రభుత్వ బడి | చిన్న మొత్తం | తక్కువ | వస్తుంది, టీచరు పూనుకుంటే |
| ఐఎఫ్ఏ కళావిద్య గ్రాంటు | కర్ణాటక ప్రభుత్వ బడి టీచర్లు, వాళ్లతో పనిచేసే కళాకారులు | డబ్బు, సలహా | మధ్యస్థం | బాగా |
| సీసీఆర్టీ | టీచర్లు | శిక్షణ, బడికి సామగ్రి | తక్కువ | పరోక్షంగా |
| ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్ | అన్ని బడులు | కార్యక్రమ చట్రం | తక్కువ | మీ చేతిలో ఉంది |
| రోటరీ | క్లబ్ ద్వారా ఏ బడైనా | డబ్బు, మనుషులు | మధ్యస్థం నుంచి ఎక్కువ | క్లబ్‌ను బట్టి |
| కంపెనీల సీఎస్ఆర్ (చట్టం ప్రకారం సామాజిక పనులకు పెట్టే డబ్బు) | 12ఏ, 80జీ ఉన్న సంస్థ | పెద్ద మొత్తం | ఎక్కువ | వస్తుంది |
| విదేశీ గ్రాంటు | ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ | పెద్ద మొత్తం | చాలా ఎక్కువ | వస్తుంది |

## బడికి ఇప్పటికే వస్తున్న డబ్బు

ప్రభుత్వ బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో యూత్ అండ్ ఈకో క్లబ్ పేరున ప్రాథమిక బడికి ఏడాదికి 5 వేలు, ప్రాథమికోన్నత బడికి 15 వేలు, హైస్కూలుకు 25 వేల రూపాయల దాకా ఉంది. అది చెట్లు నాటడానికే అనుకుంటారు గానీ, పేరులో ముందున్నది యూత్ క్లబ్. పిల్లల చర్చలు, వాళ్లు నడిపే గోడపత్రిక ఆ క్లబ్ పనిలోకే వస్తాయి. లైబ్రరీ నిధితో తెలుగు, ఉర్దూ, తమిళ కథల పుస్తకాలు కొని పెట్టమని హెడ్‌మాస్టరును అడగండి. మొత్తం చిన్నదే అయినా, కొత్త గుమ్మం ఎక్కకుండా వచ్చేది.

సీబీఎస్ఈ బడుల్లో ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పిల్లలకు 10 రోజులు బ్యాగు లేని రోజులు ఉండాలంది. ప్రార్థనా స్థలాల పర్యటనను ఈ రోజుల్లో పెట్టుకుంటే పాఠాల గంటలు పోతాయన్న గొడవ ఉండదు.

## ఐఎఫ్ఏ: ప్రభుత్వ టీచర్లు మొదట చూడాల్సింది

ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ మన బెంగళూరు సంస్థే. 1993లో పెట్టారు, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. కర్ణాటక ప్రభుత్వ బడుల కోసం వాళ్ల దగ్గర కళి-కలిసు పేరున కళావిద్య కార్యక్రమం ఉంది. మత సామరస్యం అన్న బోర్డు దానికి లేదు. అయినా నా లెక్కలో ఈ పనికి దీనికంటే దగ్గరి దారి లేదు. బడి చుట్టూ ఉన్న మనుషుల పాటలు, కథలు, ఆచారాలు, చేతిపనులు తరగతిలోకి రావాలన్నదే ఆ కార్యక్రమం ఉద్దేశం. సంస్కృతుల పరిచయం అంటే మనం కోరుకునేదీ అదే కదా.

ఈ ఊరికి తగిన ఉదాహరణ చెప్తాను. తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి చైత్ర పౌర్ణమి రాత్రి బయల్దేరే కరగ ఊరేగింపు, కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి వెళ్తుంది. శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికా ఉత్సవం సెప్టెంబరు 8న. ఆ రోజుల్లో అక్కడికి హిందువులు, ముస్లింలు కూడా బారులు తీరతారు. హలసూరు చెరువు పక్కన గురుద్వారా, గాంధీనగర్‌లో మహాబోధి సొసైటీ ఉన్నాయి. రెండు భాషల పిల్లల్ని ఒక జట్టుగా వేసి, జట్టుకో చోటు అప్పజెప్పి, అక్కడి పెద్దల మాటలు రికార్డు చేయించి, చివరికి అందరూ కలిసి ఒక పెద్ద గుడ్డ మీద ఊరి పటం గీసినా, తోలుబొమ్మలాట కట్టినా అది కళావిద్యే. ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగూ అందులో వచ్చేస్తాయి.

ఇక్కడ వదులుకోవాల్సింది కూడా ఉంది. కళ మధ్యలో ఉండాలి. నీతిపాఠానికి చివర ఒక పాట తగిలించి కళ అంటే ఒప్పుకోరు. టీచరుకు కనీసం ఒక కళారూపం మీద ఇష్టమైనా ఉండాలి, లేదా ఒక కళాకారుడితో జత కట్టాలి. ఇంగ్లీషులోనే రాయాలన్న షరతు లేదు, భారతీయ భాషల్లో రాసినా తీసుకుంటారు. కన్నడం మాట్లాడటం వచ్చి రాయడం రాని తెలుగు టీచర్లకు ఇది పెద్ద ఊరట. ప్రైవేటు బడివాళ్లకు మాత్రం ఈ దారి లేదు.

## కేంద్ర ప్రభుత్వం వైపు ఉన్నవి

సీసీఆర్టీ, అంటే సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్, 1979 నుంచి ఉంది. కేంద్ర కార్యాలయం ఢిల్లీలో, ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో. రాష్ట్ర విద్యాశాఖ ద్వారా పేరు వెళ్తే టీచర్లకు శిక్షణ, బస ఇస్తారు. శిక్షణ పొందిన టీచరు బడికి బొమ్మలు, రికార్డులతో సాంస్కృతిక కిట్ వస్తుంది. డబ్బు చేతికి రాదు. కానీ దేశం నలుమూలల టీచర్లతో కలిసి గడిపిన రోజులు ఆ టీచరు తరగతిలో ఏళ్ల తరబడి కనిపిస్తాయి. బడిలో ఈ పని ఒక్కరి భుజాల మీదే ఉంటే, ముందు ఆ ఒక్కరిని ఇక్కడికి పంపించండి.

ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్ 2015 అక్టోబరు 31న ప్రకటించిన పథకం. ఇందులో రాష్ట్రాలను జతలుగా వేశారు: కర్ణాటకకు ఉత్తరాఖండ్, ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా. బెంగళూరు బడులు ఉత్తరాఖండ్ పాటలు, వంటలు నేర్చుకుంటాయి. మంచిదే. కానీ తరగతిలో పక్క బెంచీ మీద కూర్చున్న రాయచూరు పిల్లవాడో కదిరి పిల్లవాడో ఈ చట్రంలో కనబడడు. అందుకే బడిలో ఈ పథకం పేరున ఉండే క్లబ్‌ను, దానికి కేటాయించిన గంటను వాడుకుంటూనే, లోపల మీ తరగతిలో ఉన్న భాషలకు కూడా చోటు పెట్టండి. భాషా సంగమ్ కింద 22 భాషల్లో తేలిక వాక్యాలు ఇప్పటికే తయారుగా ఉన్నాయి. ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లలే వాటిని తరగతికి నేర్పాలి. ఇంటి భాష బయటపెట్టడానికి సిగ్గుపడే పిల్ల టీచరు కుర్చీ పక్కన నిలబడి నేర్పితే, ఆ గంటలో జరిగే మేలు ఏ కిట్‌తోనూ రాదు.

హోం శాఖ కింద 1992లో ఏర్పడిన నేషనల్ ఫౌండేషన్ ఫర్ కమ్యూనల్ హార్మనీ పేరు చూసి చాలామంది బడికి గ్రాంటు ఇస్తుందనుకుంటారు. దాని ప్రధాన పని మత, కుల, జాతి ఘర్షణల్లో, ఉగ్రవాద హింసలో కుటుంబం దెబ్బతిన్న పిల్లలకు ప్రాజెక్ట్ అసిస్ట్ కింద చదువు సాయం. నవంబరు 19 నుంచి 25 వరకు జరిగే ప్రచార వారంలో బడులు విరాళాలు పోగుచేసి ఆ నిధికి పంపుతాయి, అంటే ఇక్కడ బడి ఇచ్చే చెయ్యి. మీ బడిలో అలా దెబ్బతిని వలస వచ్చిన పిల్లలు ఉంటే మాత్రం ఆ సాయం గురించి జిల్లా డిప్యూటీ కమిషనర్ ఆఫీసులో తప్పకుండా అడగండి.

## రోటరీ

ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ సమానంగా అందే దారి ఇది. ట్రస్టు అక్కర్లేదు. డబ్బు క్లబ్ చేతిలో ఉంటుంది, లెక్క చెప్పే బాధ్యత కూడా క్లబ్‌దే. శాంతిస్థాపన రోటరీ పెట్టుకున్న ఏడు ప్రధాన రంగాల్లో ఒకటి, ప్రాథమిక విద్య ఇంకొకటి. మన పని రెండింటిలోనూ ఇముడుతుంది.

రెండు రకాలున్నాయి. డిస్ట్రిక్ట్ గ్రాంట్లు చిన్నవి, స్థానికమైనవి. గ్లోబల్ గ్రాంటుకు ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30 వేల డాలర్లు ఉండాలి, ఇంకో దేశపు క్లబ్ కూడా జత కలవాలి. ఒక్క బడికి గ్లోబల్ గ్రాంటు వద్దంటాను. ఆ మొత్తం ఖర్చు చూపించడానికి ప్రొజెక్టర్లు, స్మార్ట్ బోర్డులు లిస్టులోకి దూరతాయి, పిల్లల మధ్య జరగాల్సిన పని వెనక్కి పోతుంది. పదిహేను, ఇరవై బడులు కలిసి టీచర్ల శిక్షణ పెట్టుకుంటే అప్పుడు దాని గురించి ఆలోచించొచ్చు. ప్రార్థనా స్థలాల్లో జరిగే పూర్తి మతపరమైన కార్యక్రమాలకు రోటరీ ఫౌండేషన్ డబ్బు వాడకూడదన్న నిబంధన ఉంది. అన్నదానం ఖర్చో ఉత్సవం ఖర్చో బడ్జెట్‌లో పెట్టకండి.

రోటరీ ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది, అధ్యక్షులు ఏటా మారతారు. కొత్త అధ్యక్షుడికి ఉత్సాహం వేరే విషయం మీద ఉండొచ్చు. అందుకే ఒక్కరితో కాకుండా వచ్చే ఏడాది అధ్యక్షులయ్యేవారితో కూడా ఏప్రిల్, మేలోనే మాట్లాడి పెట్టుకోవాలి. 12 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం ఉండే ఇంటరాక్ట్ క్లబ్ బడిలో పెట్టించుకుంటే, మనుషులు మారినా సంబంధం తెగదు.

## సీఎస్ఆర్: బెంగళూరులో అందరి కళ్లూ దీని మీదే

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్, లేదా వెయ్యి కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఏ పనులకు అన్నది ఏడో షెడ్యూల్‌లో ఉంది. అందులో మత సామరస్యం అన్న మాట లేదు. విద్యను ప్రోత్సహించడం ఉంది, వారసత్వం, కళలు, సంస్కృతిని కాపాడటం ఉంది. ఈ రెండింటిలో ఒకదాని కిందే మీ పనిని చూపించాలి.

కంపెనీవాళ్లు మతం అన్న మాట వినగానే జంకుతారు. అందులో తప్పు పట్టాల్సింది లేదు, వాళ్లకు వాళ్ల భయాలుంటాయి. అలాగని మన పనిని దాచిపెట్టి "లైఫ్ స్కిల్స్" అని రాయమని నేను సలహా ఇవ్వను. తర్వాత వాళ్ల ఉద్యోగి బడికి వచ్చి పిల్లలు దర్గా గురించి మాట్లాడుకోవడం చూస్తే నమ్మకం పోతుంది. "ఇరుగుపొరుగు సంస్కృతులను, పండగలను, ప్రార్థనా స్థలాల చరిత్రను పిల్లలు స్వయంగా తెలుసుకుంటారు, ఏ మతబోధనా ఉండదు" అని మొదటి పేజీలోనే రాయండి. దానికి ఒప్పుకోని కంపెనీ డబ్బు మనకు అక్కర్లేదు.

ఇంకో విషయం మన వైపు నిలబడుతుంది. మారథాన్లు, అవార్డుల ఫంక్షన్ల లాంటి ఒక్కసారి జరిగే ఈవెంట్లు సీఎస్ఆర్ లెక్కలోకి రావని కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్ సర్క్యులర్‌లో చెప్పింది. దాని స్థానంలో 2021లో కొత్త సర్క్యులర్ వచ్చింది. ఎవరైనా మేనేజరు "ఒక రోజు కల్చరల్ ఫెస్ట్ పెట్టండి, మా బ్యానరు కట్టండి" అంటే శాఖ అప్పట్లో చెప్పిన ఈ మాటను మర్యాదగా గుర్తుచేయండి. ఏడాది పాటు సాగే కార్యక్రమమే వాళ్ల ఆడిట్‌కూ మేలు.

కాగితాలు: సంస్థకు 12ఏ, 80జీ ఉండాలి, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం నింపి రిజిస్ట్రేషన్ నంబరు కూడా తీసుకోవాలి. ప్రభుత్వ బడి నేరుగా ఇవన్నీ చేయలేదు, మధ్యలో ట్రస్టు కావాల్సిందే. మూడు నెలలకోసారి రిపోర్టు, ఫొటోలు, హాజరు పట్టీలు అడుగుతారు. రాసిపెట్టడానికి ఒక మనిషిని బడ్జెట్‌లోనే పెట్టుకోకపోతే ఆ పని టీచరు మీద పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మిగిలిన డబ్బు ఖర్చు చేయాలని ఫోన్లు వస్తాయి. పరీక్షల కాలంలో వచ్చే ఆ డబ్బుకు సరేననే ముందు, వచ్చే విద్యాసంవత్సరంలో ఖర్చు చేసే వీలుందా అని అడగండి. లేదంటే వదిలేయడమే మంచిది.

## విదేశీ డబ్బు, అమెరికాలో మనవాళ్లు

మన తెలుగువాళ్లలో ప్రతి చర్చా ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికి వస్తుంది: "డల్లాస్‌లో మా బావ ఉన్నాడు, పంపిస్తానంటున్నాడు." ఇక్కడ చూడాల్సింది బావగారి పాస్‌పోర్టు. ఆయన ఇంకా భారత పౌరుడే అయితే, సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపిన డబ్బు విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. పంపినవారి పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ ఫైల్లో పెట్టుకోండి. మొహమాటపడొద్దు.

ప్రభుత్వ బడి టీచర్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగులు విదేశీ విరాళం తీసుకోవడాన్ని ఆ చట్టం నిషేధించింది. బడికోసమే అయినా సొంత ఖాతాలో వేయించుకోవద్దు.

సంస్థలకు సంగతి ఇది. రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో తమ పనుల మీద కనీసం 15 లక్షల ఖర్చు ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే దిగాలి. 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకు పంచడం కూడా కుదరదు. అంటే "పెద్ద ఎన్జీవో తీసుకుని మాకు కొంత ఇస్తుంది" అన్న పాత దారి మూసుకుపోయింది. మత ఉద్రిక్తతలు రేపిన కేసులున్నవాళ్లకు, ప్రలోభంతో మతమార్పిడి చేయించేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఇవ్వరు. సర్వమత కార్యక్రమాల మీద అధికారుల కన్ను సహజంగానే ఉంటుంది కాబట్టి, ప్రతి పర్యటనకూ ఏం జరిగిందో రాసి ఉంచుకోవాలి.

ఇన్ని పనులు మోయగల సంస్థకు విదేశీ గ్రాంటు విలువైనదే. ఒకటి రెండు బడులతో మొదలుపెట్టేవాళ్లు మాత్రం దీని వెనక పడితే ఆ ఏడాదంతా ఛార్టర్డ్ అకౌంటెంటు ఆఫీసులోనే గడిచిపోతుంది.

## మీరు ఎవరైతే ఏది

ప్రభుత్వ బడి టీచరు అయితే ఈ ఏడాది జిగ్సా పద్ధతి, క్లబ్ డబ్బుతో మొదలుపెట్టి, వచ్చే ఏడాదికి ఐఎఫ్ఏకు రాయండి. బదిలీ వచ్చేలా ఉంటే ఇంకో టీచరును మొదటి నుంచే జత చేసుకోండి.

చిన్న ప్రైవేటు బడి నడుపుతుంటే రోటరీ డిస్ట్రిక్ట్ గ్రాంటు సరిపోతుంది. బడి సొసైటీకి 12ఏ, 80జీ ఉంటే తర్వాత సీఎస్ఆర్‌కు వెళ్లొచ్చు. అయితే ఫీజులు తీసుకునే బడికి కంపెనీలు అంత తేలిగ్గా ఇవ్వవు. దగ్గర్లోని ప్రభుత్వ బడిని జత కట్టి, రెండు బడుల పిల్లలూ నెలకోసారి కలిసి పనిచేసేలా రాస్తే ప్రపోజల్‌కు బలం వస్తుంది. పిల్లలకూ అదే కావాలి. సమాన హోదా గురించి మాత్రం జాగ్రత్త: ప్రతిసారీ ప్రభుత్వ బడి పిల్లలే ఏసీ బడికి రావడం కాకుండా, వీళ్లు కూడా అక్కడికి వెళ్లాలి.

మూడేళ్లు దాటిన ట్రస్టు అయితే సీఎస్ఆర్. ఒకే కంపెనీ మీద ఆధారపడకుండా ఇద్దరిని చూసుకోండి.

తెలుగు సంఘమో అపార్ట్‌మెంట్ బృందమో అయితే మీరు గ్రాంటు అడగడం కంటే ఇవ్వడమే మేలు. ఉగాది వేడుకల ఖర్చులో కొంత పక్కనబెడితే ఒక బడి మొత్తం ఏడాది బస్సు అద్దెలు, టిఫిన్లు, పుస్తకాలు వచ్చేస్తాయి. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ డబ్బుతో తెలుగు సంస్కృతిని ప్రదర్శించడమే జరిగితే అది మన వేడుక అవుతుంది గానీ పరిచయం కాదు. ఉగాది కన్నడిగులకూ ఉంది. మనకు పచ్చడి, వాళ్లకు బేవు బెల్ల (వేప, బెల్లం). రెండూ పిల్లలు కలిసి చేసి, ఇద్దరి అమ్మమ్మల మాటలూ రాసుకుంటే బాగుంటుంది. కార్యక్రమం నడిచేది కన్నడంలో ఉండాలి. మనం ఉన్న ఊరు అది.

## రాసేటప్పుడు, జరిపేటప్పుడు

ఏ దారి పట్టినా ప్రపోజల్‌లో మొదట మీ తరగతిని చూపించండి: ఎంతమంది పిల్లలు, ఇళ్లలో ఏ భాషలు, ఏ పండగలు. ఒక్కో పిల్లవాడి మతాన్ని పేరుతో సహా పట్టికలో రాయొద్దు. ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో మనకు తెలియదు. ఫలితాలు కొలవమని అడిగితే "90 శాతం సామరస్యం పెరిగింది" లాంటి అంకెలు వద్దు. ఏడాది మొదట్లో, చివర్లో పిల్లల్ని ఒకే ప్రశ్న అడగండి: గ్రూప్ వర్క్‌కు ఎవరితో కూర్చుంటావు, మీ ఇంటికి ఎవరిని పిలుస్తావు? పేర్లు టీచరు దగ్గరే ఉండాలి, దాతకు మొత్తం లెక్క వెళ్తే చాలు.

తేదీల విషయానికొస్తే, డిసెంబరు, జనవరిలో కంపెనీలతో మొదటి మాట, ఏప్రిల్, మేలో రోటరీతో, బడి తెరిచిన వెంటనే బీఈఓ అనుమతి. దసరా సెలవుల లోపు మొదటి పర్యటన అయిపోవాలి, లేకపోతే ఆ తర్వాత సిలబస్ తరుముతుంది. తల్లిదండ్రులకు ఉత్తరం కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూలలో, అంటే ఆ ఇంట్లో చదవగలిగే భాషలో వెళ్లాలి. ఎక్కడికి వెళ్తున్నారు, అక్కడ ఏ ప్రార్థనా చేయించరు, గుడిలో ప్రసాదమో దర్గాలో ఇచ్చే తబర్రుకో తీసుకోవడం పిల్లల ఇష్టం అని అందులో స్పష్టంగా ఉండాలి. ఒకరిద్దరు వద్దంటారు. వాళ్లతో వాదించకుండా ఆ పిల్లలకు బడిలోనే పటం గీసే పని, వెళ్లివచ్చినవాళ్ల రికార్డింగులు విని రాసే పని ఇవ్వండి. జట్టులోనే ఉంటారు. రెండో పర్యటన ఉత్తరం వాళ్ల ఇంటికి కూడా పంపండి.